ఫోటో ఉంది, పేరు పోయింది

గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత పెంకుటిల్లు పడగొడుతుంటే అన్నిటికీ బేరగాళ్లు వస్తారు. టేకు దూలాలకు వస్తారు, చెక్కిన ద్వారబంధాలకు వస్తారు, చివరికి పెంకులకు కూడా వస్తారు. గోడ మీది ఫోటోల కోసం మాత్రం ఎవరూ రారు. దండ వేసిన ఒకటి రెండింటిని పెద్దకొడుకు తీసుకెళ్తాడు. మిగిలినవి గోనెసంచిలో పడి, ఏ బంధువుల కొట్టంలోనో ఓ మూలకు చేరతాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి అద్దానికి అంటుకుపోతాయి. ఇంకో రెండు గడిస్తే చెదలు మిగిలింది చూసుకుంటాయి.

పాత ఫోటోలను కాపాడుకోవాలి అనగానే అందరి మనసూ కాగితం మీదికే పోతుంది. స్కాన్ చేయించాలి, కొత్త ఆల్బమ్ కొనాలి, ఫ్రేము మార్చాలి అనుకుంటారు. ఇవన్నీ అవసరమే. కానీ కాగితం మనం అనుకున్నంత బలహీనమైనది కాదు. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ కట్టేది వెండి. మంచి స్టూడియోలో శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ప్రింటు, తడి తగలకపోతే నూరేళ్లు దాటి నిలుస్తుంది. అంతకంటే చాలా ముందే పోయేది అందులో ఉన్నవాళ్ల పేరు. 1950లలో తీసిన పెళ్లి ఫోటో ఇవాళ చెక్కుచెదరకుండా దొరుకుతుంది. అందులో పాతికమంది ఉంటే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేది ఐదారుగురిని. ఇంట్లో పెద్దావిడ పోయిన మర్నాటి నుంచి ఆ ఐదారుగురు ఇద్దరవుతారు. ఫోటో అలాగే ఉంటుంది.

అందుకే ఈ పనిలో వరస ముఖ్యం. ముందు అడగాలి, రాసుకోవాలి. స్కానింగ్, భద్రపరచడం ఆ తర్వాత. చాలా ఇళ్లలో జరుగుతున్నది దీనికి తలకిందులు. కుర్రవాళ్లు ఉత్సాహంగా నాలుగు వందల ఫోటోలు స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, పని అయిపోయిందనుకుంటారు. పేర్లు తర్వాత తీరిగ్గా అడుగుదామనుకుంటారు. ఎనభై ఐదేళ్ల మనిషి విషయంలో తర్వాత అనే మాటను నమ్ముకోకూడదు.

అడగడంలోనూ పద్ధతి ఉంది. ‘ఇది ఏ సంవత్సరం ఫోటో?’ అంటే పెద్దవాళ్లు చెప్పలేరు, చెప్పినా సరిగ్గా రాదు. వాళ్ల లెక్క సంవత్సరాలతో నడవదు. ‘అప్పటికి పెద్దమ్మాయి కడుపులో ఉందా? మనకు కరెంటు వచ్చిందా? సాగర్ కాలువ నీళ్లు పారాయా?’ అని అడిగితే టక్కున చెప్తారు. పల్నాడు వైపు 1967 పెద్ద గుర్తు. ఆ ఏడాది ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మెట్ట చేలలో వరి చూసిన ఏడాదిని ఎవరూ మరచిపోరు. రేపల్లె, నిజాంపట్నం వైపు, అటు దివిసీమలోనూ 1977 నవంబరు ఉప్పెన అలాంటిదే. ఆ ప్రాంతంలో ఏ జ్ఞాపకమైనా దానికి ముందుదో తర్వాతదో తేలిపోతుంది. పెళ్లి శుభలేఖ దొరికితే అందులో తెలుగు సంవత్సరం పేరుంటుంది. అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుందన్నది గుర్తుంచుకోవాలి. పింగళ అని ఉంటే అది ఉప్పెన వచ్చిన 1977 కావచ్చు, 1917 కూడా కావచ్చు. పెళ్లికూతురు చీర, పెళ్లికొడుకు చేతి గడియారం చూస్తే ఏదో తెలిసిపోతుంది.

పేరు రాసుకునేటప్పుడు ఉత్త పేరు చాలదు. నరసరావుపేట చుట్టుపక్కల కోటప్పకొండ స్వామికి మొక్కుకుని పెట్టుకున్న కోటయ్యలు, కోటేశ్వరరావులు, కోటేశ్వరమ్మలు ప్రతి వీధిలోనూ ఉంటారు. పైగా తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. ఒకే ఇంట్లో నాలుగు తరాల్లో ఇద్దరు కోటయ్యలు సాధారణం. ఇంటిపేరు, ఎవరి కొడుకు, ఏ ఊరు అనే మూడూ రాస్తేనే ఆ పేరుకు అర్థం. ఆడవాళ్ల పేర్లయితే మరీ త్వరగా పోతాయి. ఒకావిడ పుట్టింటి ఇంటిపేరు పెళ్లితో మారిపోతుంది. అత్తింట్లో ఆమెను ఫలానావాళ్ల కోడలనో, ఫలానా ఊరావిడనో అంటారు. మనవల కాలానికి ‘నాయనమ్మ వాళ్ల అత్తగారు’ అన్నదే మిగులుతుంది. కాబట్టి ఆడవాళ్ల విషయంలో పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా అడిగి రాయాలి. ఇది వంశవృక్షాల సరదా కోసం కాదు. ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు నడిచాయో, డెల్టావాళ్లు పల్నాడుకు ఎప్పుడు పొలాలు కొనుక్కుని వెళ్లారో ఈ పేర్లలోనే బయటపడుతుంది.

చెప్పేవాళ్లు ఎవరూ మిగలకపోయినా అంతా అయిపోయినట్టు కాదు. ఫోటోను తిప్పి చూడాలి. వెనక స్టూడియో ముద్ర ఉంటే అది చాలా చెప్తుంది. ఈ జిల్లా హద్దులు మారిన ప్రతిసారీ ముద్రలు కూడా మారాయి. ‘చీరాల, గుంటూరు జిల్లా’ అని ఉంటే ఆ ముద్ర 1970 ఫిబ్రవరికి ముందు చేయించింది. ఆ నెలలో ఒంగోలు జిల్లా ఏర్పడి, చీరాల అందులోకి వెళ్లింది. ఆ జిల్లానే తర్వాత ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ నుంచి చీరాల బాపట్ల జిల్లాలో ఉంది. ఒకే ఊరు, మూడు జిల్లాలు. చిరునామాలో మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరుకు ముందుది. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే మూడేళ్ల వ్యవధిలోకి వచ్చేసినట్టే, ఎందుకంటే 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. తాలూకా అని రాసి ఉంటే 1985లో మండలాలు రాకముందుదని అనుకోవచ్చు. స్టూడియోవాళ్లు పాత ముద్రను నాలుగైదేళ్లు వాడుతూ ఉండిపోయే అవకాశం ఉంది కనుక కొంత ఎడం వదలాలి. అయినా ‘ఎప్పటిదో తెలియదు’ అనే దగ్గర నుంచి ‘1953కీ 1956కీ మధ్యది’ అనే దాకా రావడం చిన్న సంగతి కాదు.

ఈ జిల్లాల మార్పిడి వల్ల ఇంకో చిక్కు ఉంది. ఫోటోలను జిల్లాల వారీగా సర్దితే ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికీ దొరకవు. మాచర్ల ఫోటో మీద గుంటూరు జిల్లా అని రాసి పెట్టినవాళ్లకు ఇప్పుడది పల్నాడు జిల్లా. ఊరి పేరు అంత తేలిగ్గా మారదు. కాబట్టి ఊరి పేరే మొదట రాయాలి, పక్కన పాత తాలూకా, ఇప్పటి మండలం చేర్చాలి.

ఇంటి ఫోటో ఊరి చరిత్ర ఎలా అవుతుందని సందేహం రావచ్చు. ఫోటో తీయించుకున్నవాళ్లు తమ ముఖాల కోసం తీయించుకున్నారు. వెనక ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ చూసేవాళ్లకు ఆ వెనక ఉన్నదే బంగారం. పెళ్లి పందిట్లో నిలబడిన బంధువుల వెనక పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ కనిపిస్తుంది. ఇప్పుడా బ్యారన్ లేదు, ఆ చోట ప్లాట్లు పడ్డాయి. దొడ్లో ధాన్యం దాచే పురి, అరుగు మీద మగ్గం సామాను, చెరువుగట్టున తాటిచెట్ల వరస, బడి గోడ మీది నినాదం కనిపిస్తాయి. ఏ రికార్డులోనూ ఇవి ఉండవు. రెవెన్యూ కాగితాల్లో పొలం సర్వే నంబరు ఉంటుంది గానీ ఆ పొలం గట్టు మీద ఏ చెట్టుండేదో ఉండదు. రాజధాని కోసం 2015లో భూములిచ్చిన ఊళ్లలో ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కృష్ణ ఒడ్డున అరటితోటలో నిలబడి దిగిన ఫోటో ఆ కుటుంబానికి ఒక జ్ఞాపకం. తోట ఆనవాలు కూడా లేని చోట, అది ఆ నేల గురించిన సాక్ష్యం.

పులిచింతల ముంపు గ్రామాల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ ప్రాజెక్టును 2013 డిసెంబరులో జాతికి అంకితం చేశారు. కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఆ నీళ్ల కిందే ఉంది. కోహినూర్ గురించి రాసిన పేజీలకు లెక్కలేదు. ఆ ఊళ్లో మొన్నటిదాకా కాపురాలు చేసినవాళ్ల ఇళ్లు, వీధులు, రచ్చబండ ఎలా ఉండేవో చూపించగలిగేవి వాళ్లు పునరావాస కాలనీలకు పట్టుకెళ్లిన ట్రంకుపెట్టెల్లోని ఫోటోలే. నిర్వాసితుల కుటుంబాలు ఇప్పుడు వేరువేరు చోట్ల ఉన్నాయి. ఒక్కో ఇంట్లో ఊరి ఒక్కో ముక్క ఉంది. వాటిని ఒకచోట పరిచి చూసే పని ఎవరైనా తలకెత్తుకుంటే, మునిగిన ఊరి వీధులను ఇంటి వెంట ఇల్లుగా మళ్లీ గీయవచ్చు.

ఇలాంటి పని ఈ నేల మీద ఇంతకుముందు జరిగింది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి అమరావతి స్తూపం చూశాడు. తర్వాత 1816లో మళ్లీ వచ్చి, అక్కడి శిల్పాలను తన మనుషుల చేత బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత శిల్పాలు చెల్లాచెదురయ్యాయి. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. ఇప్పుడు కొన్ని శిల్పాలు ఎలా ఉండేవో ఆ బొమ్మల వల్లే తెలుసు. రాయి పోయి కాగితం మిగిలింది. అదే మెకంజీ, కావలి సోదరుల్లాంటి తెలుగువాళ్ల సాయంతో ఊరూరా కరణాల దగ్గర గ్రామ వృత్తాంతాలు రాయించి పోగు చేశాడు. అవే కైఫీయత్తులు. ఊరు ఎవరు కట్టించారు, గుడికి ఎవరు మాన్యాలిచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు అనేవి వాటిలో ఉంటాయి. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా గుంటూరు పల్లెల చరిత్ర రాసేవాళ్లు మొదట వెతికేది వాటినే. ఆ కరణాలు అప్పుడు చెప్పకపోతే, మెకంజీ మనుషులు వెళ్లి అడగకపోతే, అందులో సగం సంగతులు ఎక్కడా ఉండేవి కావు.

కైఫీయత్తుల్లో ఒక లోటుంది. అవి కరణం కంటితో చూసిన ఊళ్లు. దున్నినవాడు, నేసినవాడు, చెప్పులు కుట్టినవాడు వాటిలో పన్ను లెక్కల దగ్గర తప్ప పెద్దగా కనిపించరు. ఇంటి ఫోటోలను పోగుచేసేటప్పుడు మనమూ అదే తప్పు చేసే ప్రమాదం ఉంది. స్టూడియోకు వెళ్లి ఫోటో దిగడం ఒకప్పుడు డబ్బున్న ఇళ్లకే సాధ్యం. గుంటూరు, తెనాలి, బెజవాడ స్టూడియోల పాత ఫోటోలు ఎక్కువగా పెద్ద రైతుల ఇళ్లలో, ఉద్యోగస్తుల ఇళ్లలో, వ్యాపారుల ఇళ్లలో దొరుకుతాయి. కూలి చేసుకుని బతికిన ఎన్నో కుటుంబాల్లో తాతల నాటి మొదటి ఫోటో ఓటరు కార్డు మీదో, పింఛను పుస్తకం మీదో ఉంటుంది. ఇంకొన్ని కుటుంబాల్లో, ఎవరైనా ఇంట్లో చనిపోతే, ముఖం గుర్తుంచుకోవడానికి ఒక్క బొమ్మైనా ఉండాలని శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ పిల్లలు నిలబడి తీయించుకున్న ఫోటో ఉంటుంది. చూసేవాళ్లకు మనసు కలుక్కుమంటుంది. ఆ ఇంటికి మాత్రం ఆ మనిషి గురించి మిగిలిన బొమ్మ అదొక్కటే. దాన్ని అపశకునంగా చూసి చింపేయడం ఘోరం.

పెద్దిళ్ల పెళ్లి ఫోటోల అంచుల్లో ఇంకొందరు ఉంటారు. గ్యాసులైటు మోస్తున్న మనిషి, సన్నాయి పట్టుకున్న మంగలి, పందిరి గుంజ పక్కన చంకలో బిడ్డతో పాలేరు భార్య. ఆ ఫోటో ఆ ఇంట్లోనే ఉంటుంది కానీ, వాళ్ల పేర్లు తెలిసినవాళ్లు ఊళ్లో వేరే పేటలో ఉంటారు. ఫోటోను అక్కడికి తీసుకెళ్లి చూపిస్తే ‘మా నాయనమ్మే’ అనేవాళ్లు దొరకవచ్చు. వాళ్ల ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. ఆ ముఖాన్ని వేరుగా ప్రింటు తీసి వాళ్లకివ్వడం ఈ పనిలో అన్నిటికంటే విలువైన భాగం. స్థానిక చరిత్ర అంటే ఊరి పెద్దలకు ఇష్టమైన చరిత్ర కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను చంపిన సంగతి ఎవరి పెళ్లి ఆల్బమ్‌లోనూ ఉండదు. చనిపోయినవాళ్ల సమాధులున్న చోటును రక్తక్షేత్రమని పిలుచుకుంటూ ఆ వాడే ఆ చరిత్రను నేల మీద రాసుకుంది. ఒక ఊరి జ్ఞాపకాలు పోగుచేయాలంటే ఆల్బమ్ ఉన్న ఇళ్లకే వెళ్తే చాలదు.

దండ వేసిన ఫోటోల గురించి ఒక మాట చెప్పాలి. మనిషి పోగానే పెద్ద ఫోటో కావాలి. ఇంట్లో ఉన్న గ్రూపు ఫోటోను స్టూడియోకు ఇచ్చి, ఆ ఒక్క ముఖాన్ని పెద్దది చేయించుకుంటారు. హడావుడిలో అసలు ఫోటోను తిరిగి తెచ్చుకోవడం చాలామంది మరచిపోయారు. కొన్నిచోట్ల ఆ ముఖం వరకు కత్తిరించే ఇచ్చారు. అలా ఎన్నో గ్రూపు ఫోటోలు పోయాయి. ఇప్పుడు ఫోన్‌తో తీసుకుంటే సరిపోతుంది, అసలుది గడప దాటాల్సిన పనే లేదు.

ఇక కాగితం సంగతి. మన ఎండ, మన ఉక్క రెండూ ఫోటోలకు పడవు. రెంటచింతల ఎండల గురించి చెప్పుకుంటాం గానీ, ఎండ ఒక్కదానికంటే వేసవి తర్వాత వచ్చే తేమ ఎక్కువ చేటు. అటక మీద రేకుల వేడి, నేల మీద చెమ్మ. కనుక ఇనప బీరువాలో మధ్య అర మంచి చోటు. దేవుడి గదిలో దీపం పొగ తగిలే గోడ మీద, వానకు ఊరే గోడ మీద అసలు ఫోటోను ఉంచకుండా, నకలు తీయించి అది తగిలించాలి. కలర్ ఫోటోలది వేరే కథ. అవి వెండితో కాదు, రంగులతో కట్టినవి. 1980లు, 90ల పెళ్లి ఆల్బములు చీకట్లో ఉంచినా ఎర్రబారిపోతున్నాయి. వయసులో చిన్నవైనా స్కానింగ్‌కు వాటినే ముందు పెట్టాలి. జిగురు పేజీల మీద అంటించి పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బములు ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ వచ్చాయి. ఫోటోకు వాటిని మించిన శత్రువు లేదు. ఇప్పుడు పీకితే చిరుగుతుంది. పేజీని పేజీలాగే ఫోటో తీసి, ఆ తర్వాత సన్నటి దారాన్ని ఫోటో కిందగా మెల్లగా లాగుతూ విడదీసే ప్రయత్నం చేయవచ్చు. రాకపోతే వదిలేయాలి. లామినేషన్ మాత్రం చేయించకూడదు. ఒకసారి చేశాక వెనక్కి తిరగడం ఉండదు. సెల్లోటేపు కూడా అంతే. కలరా ఉండలు ఫోటోల మధ్య వేయడం మానుకోవాలి. వెనక పేరు రాయాలంటే బాల్‌పెన్ను వద్దు, మెత్తని 2బి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయాలి. నున్నటి వీపున్న కలర్ ప్రింటు మీద పెన్సిల్ పడదు, దానికి వేరే కాగితం ముక్క మీద రాసి కవరులో జతచేయాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, తర్వాత వీధుల్లో కుప్పలుగా పడిన పరుపుల మధ్య ఆల్బములు కూడా ఉన్నాయి. తడిసినవన్నీ పోయినట్టేనని పారేశారు. వాటిలో చాలా ఫోటోలను దక్కించుకోవచ్చు. తడిసిన స్టూడియో ప్రింటును చల్లటి శుభ్రమైన నీళ్లలో బురద పోయేలా ముంచి తీసి, బొమ్మ వైపు వేలు పెట్టకుండా, నీడలో శుభ్రమైన గుడ్డ మీద వెల్లకిలా ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. ఒకదానికొకటి అతుక్కున్నవాటిని ఆరనివ్వకుండా మళ్లీ నీళ్లలో నాననిచ్చి విడదీయాలి. అద్దం ఫ్రేములో ఉన్నదాన్ని తడి ఆరకముందే బయటికి తీయాలి. అంత తీరిక లేని పరిస్థితిలో కవర్లలో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే కుళ్లు ఆగుతుంది, నెల తర్వాతైనా పని చేసుకోవచ్చు. ఇంట్లో ఇంక్ ప్రింటర్ మీద తీసినవి మాత్రం నీళ్లలో వేస్తే రంగు కారిపోతుంది. ఎప్పుడో ఎండి అద్దానికి అతుక్కుపోయిన పాత ఫోటోను లాగడం కంటే అద్దం మీద నుంచే స్కాన్ చేసుకోవడం మేలు.

స్కానర్ అందుబాటులో ఉంటే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), అగ్గిపెట్టె సైజు ఫోటోలకు 1200. లేకపోతే మంచి ఫోన్ చాలు. కిటికీ పక్కన నీడ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. వెనకవైపును కూడా తప్పనిసరిగా తీయాలి. దీన్ని పదిమందిలో తొమ్మిదిమంది మరచిపోతారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, ఫైలు పేరు మారిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఫైలు పేరులో ఊరు, ఇంటిపేరు, అంచనా సంవత్సరం ఉండాలి. ఒక ప్రతి కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఉంచాలి. బుడమేరు లాంటిది మళ్లీ వస్తే ఒక ఇంట్లో ఉన్న మూడు ప్రతులూ కలిసే పోతాయి.

ఈమధ్య పాత ఫోటోలకు రంగులు వేసే, మసక ముఖాలను స్పష్టం చేసే యాప్‌లు వచ్చాయి. నాయనమ్మ చీరకు రంగు వస్తే ఇంట్లో అందరికీ సంతోషంగా ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ మసకగా ఉన్న కళ్లను యాప్ స్పష్టం చేసినప్పుడు, అది కనిపెట్టి చూపిస్తున్నది కాదు, ఊహించి గీస్తున్నది. చీర ఎరుపో పచ్చో దానికి తెలియదు. అలా మార్చిన ఫైలు పేరులోనే మార్చినట్టు రాసి, అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా విడిగా ఉంచకపోతే, పదేళ్లలో ఆ యాప్ గీసిన ముఖమే నాయనమ్మ ముఖంగా స్థిరపడిపోతుంది.

ఇల్లు దాటి ఊరికి చేరాల్సిన ఫోటోలను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో పాత జవాబే ఉంది. గ్రంథాలయోద్యమం బాగా నడిచిన నేల ఇది. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం నూరేళ్ల నాటి పత్రికలను ఇవాళ్టికీ కాపాడుతోంది. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఆ పల్లెటూరికి వస్తారు. ఊరి శాఖా గ్రంథాలయంలోనో, హైస్కూల్లోనో ఒక రిజిస్టరు పెట్టి, ఒక్కో ఫోటో నకలును నంబరు వేసి, ఎదురుగా పేర్లు, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని రాస్తే చాలు. ఎవరు చెప్పారన్నది ముఖ్యం, ఎందుకంటే ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మనిషికి రెండు పేర్లు చెప్పడం తరచూ జరుగుతుంది. రెండూ రాసుకోవాలి. తేల్చడం తర్వాతివాళ్ల పని. తెలుగు వికీపీడియాలో వేల ఊళ్లకు పేజీలున్నాయి, చాలావాటిలో ఒక్క పాత ఫోటో కూడా లేదు. ఇంటివాళ్లు ఒప్పుకున్నవి, హక్కుల చిక్కు లేనివి అక్కడికీ చేరవచ్చు. ఒప్పుకోనివి, ముఖ్యంగా చావు ఫోటోలు, ఇంటి గడప దాటకూడదు.

మొదలుపెట్టడానికి అనువైన రోజు సంక్రాంతి. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి అందరూ ఊరికి వస్తారు. కనుమ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్లు మంచం వాల్చుకుని కూర్చుంటారు. ట్రంకుపెట్టె కిందికి దించి, ఫోటోలు ఒక్కొక్కటిగా వాళ్ల చేతికివ్వాలి. పక్కన ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాలి. ఫోటో నంబరు పైకి చదివి, వాళ్లు మాట్లాడుతుంటే అడ్డు తగలకుండా ఊరుకోవాలి. ‘ఇదుగో, ఈవిడ మా సుబ్బమ్మక్క, రేపల్లె నుంచి వచ్చింది, పాట బాగా పాడేది’ అని వాళ్లే మొదలుపెడతారు. ఒక మధ్యాహ్నంలో ఇరవై ఫోటోలు దాటవు. మిగిలినవి ఉగాదికి.